మెడ మీద నీలి గీత

ఫాల్గుణ బహుళ దశమి

ఈ పుస్తకంలో ముందు పేజీలు గోడవి. పోటు ఎంత ఎక్కింది, జావ ఎన్ని బకెట్లు పోశాను, ఎక్కడ తేమ కనిపించింది, అవన్నీ అక్కడ ఉంటాయి. నెలకోసారి గోడ బోర్డు మనిషి వచ్చి ఆ పేజీలు చించి తీసుకుపోతాడు. వెనక నుంచి రాస్తున్న ఈ పేజీలు నావి.

ఉదయం గడ్డం గీసుకుంటుంటే ఎడమ దవడ కింద, మెడ పక్కన, వేలికి ఒక గడ్డ తగిలింది. శనగ గింజ కంటే కాస్త పెద్దది. నొక్కితే పక్కకి జరిగింది. నొప్పి లేదు.

రెండో చెంప కూడా గీసుకుని, ముఖం కడుక్కుని బయటికి వెళ్లాను. సముద్రం వెనక్కి తగ్గే వేళకి గోడకి సున్నపు జావ పొయ్యాలి. ఆలస్యమైతే గోడలో పెరిగే గుల్లలు నోళ్లు మూసుకుంటాయి, పోసిందంతా నీళ్లపాలు.

నలభై ఒకటో చౌకీ వంతు గోడ రెండు కిలోమీటర్లు. పది మీటర్లకోసారి ఆగి కొయ్యసుత్తితో తట్టి వినాలి. లోపల గుల్లలు బతికి ఉంటే మోత బిగువుగా వస్తుంది. చస్తే డొల్లగా వస్తుంది. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క దానికంటే నాలుగు మీటర్లు దిగువన వరిచేలు. ఈ రోజు మోత అన్నిచోట్లా బిగువుగానే ఉంది.

తిరిగి వచ్చే దారిలో నాలుగుసార్లు మెడ తడుముకున్నాను.


ఫాల్గుణ అమావాస్య

అమావాస్యకీ పౌర్ణమికీ గోడ మీద ఉండే ప్రతి మనిషినీ ఇంకొకరు తడిమి చూడాలి. మెడ, చంకలు, గజ్జలు. బురదజ్వరం గడ్డలతోనే మొదలవుతుంది. అంతకంటే చెడ్డవి కూడా అలాగే మొదలవుతాయి. మొదట్లో మణికట్టుకి కట్టుకునే యంత్రాలు ఇచ్చారు. ఉప్పుగాలికి అవి రెండేళ్లు నిలవలేదు. చేతులు నిలిచాయి. అందుకని ప్రతి కాపరికీ ఒక జతచెయ్యి ఉండాలి. నువ్వు వాళ్లని చూడాలి, వాళ్లు నిన్ను చూడాలి. ఎవరికి వారు చూసుకుంటే చెల్లదు.

నా జతచెయ్యి నా భార్య నీలవేణి. పద్నాలుగేళ్లపాటు.

జ్యేష్ఠ శుద్ధ తదియకి ఆమె పోయి ఏడాది అవుతుంది. అప్పటిదాకా నాకు సెలవు. భార్య పోయినా భర్త పోయినా ఏడాదిపాటు ఒంటి మీద ఇంకొకరి చెయ్యి పడకూడదని గోడ మీద పెద్దవాళ్లు మొదట్లోనే పట్టుబట్టారట. బోర్డు ఒప్పుకుంది. తనిఖీ పుస్తకంలో నా పేరు ఎదురుగా ‘సూతకం’ అని రాసి వదిలేస్తారు.

మధ్యాహ్నం పోలమ్మ వచ్చింది. పక్క చౌకీ, నలభై రెండు, ఆమెది. అరవై దాటాయి, అక్కలాంటిది కాబట్టి అప్పా అని పిలుస్తాను. భర్త ఉత్తరాన తూముల దగ్గర పనికని వెళ్లి మూడేళ్లయినా రాలేదు. ఆమెకి జతచెయ్యిగా ఉన్న నలభై మూడో చౌకీ ఆవిడ పోయిన వారం బదిలీ మీద ఒడ్డుకి వెళ్లిపోయింది. ఎండు నెత్తళ్లు ఇచ్చి, చింతపండు తీసుకుని, నా సెలవు ఎప్పటితో అయిపోతుందని అడిగింది. జ్యేష్ఠం అన్నాను. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంటూ వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక గోడ వాపులు కొలిచే కాలిపర్‌తో గడ్డని కొలిచాను. పదకొండు మిల్లీమీటర్లు.


చైత్ర శుద్ధ షష్ఠి

పదకొండు. ఉదయం, సాయంత్రం రెండుసార్లూ పదకొండే.

బోర్డు ఇచ్చిన అట్టముక్క తలుపు వెనక వేలాడుతోంది. అందరి ఇళ్లలోనూ ఉంటుంది. నొప్పి ఉంటే భయం తక్కువ. గట్టిగా ఉండి కదలకపోతే భయం ఎక్కువ. ఇరవై ఒక్క రోజులు దాటి ఉంటే ఫోను తీగలో ఒడ్డుకి చెప్పాలి. చెప్తే మందుల పడవ వరస తప్పించి వస్తుంది, ఒడ్డు ఆసుపత్రికి తీసుకుపోతుంది. నీలవేణి కిందటేడాదికి ముందు ఏడాది మార్గశిరంలో అలాగే వెళ్లింది. జ్యేష్ఠంలో నేను వెళ్లి ఆమె అస్థికల కుండ తెచ్చుకున్నాను.

నాది కదులుతుంది. నొప్పి లేదు. గట్టిదో మెత్తనిదో నా వేలికి తేలడం లేదు. నొక్కిన కొద్దీ ఒక్కోసారి ఒక్కోలా అనిపిస్తోంది.

గోడ సంగతి: నూట పదిహేడో గుర్తు దగ్గర కొట్టుకొచ్చిన దుంగ ఒకటి గోడకి గట్టిగా తగిలింది. గుల్లలు వాచాయి. అరచెయ్యంత. మైలుతుత్తం కలిపిన నీలిరంగుతో వాపు చుట్టూ గీత గీశాను. ఆ రంగు మీద ఏదీ పెరగదు కాబట్టి గీత అలాగే నిలుస్తుంది. ఇక ఇరవై ఒక్క రోజులు దాన్ని ముట్టుకోకూడదు. సుత్తి కూడా తగలకూడదు. ముట్టుకుంటే గుల్లలు మళ్లీ దెబ్బ తగిలిందనుకుని ఇంకా వాస్తాయి. కొత్తగా వచ్చిన కాపరులందరూ రోజూ వెళ్లి చెయ్యి పెట్టి చూసి, వాపు తగ్గడం లేదని తీగలో గగ్గోలు పెడతారు. గడువు అయ్యాక వాపు గీత లోపలికి తగ్గితే మంచిది. గీత దాటి వస్తే లోపల కుళ్లింది, తవ్వాలి.


చైత్ర పౌర్ణమి

ఇరవయ్యో రోజు. పన్నెండు.

ఈ రోజు అన్ని చౌకీల్లోనూ ఒకరినొకరు చూసుకుంటారు. నేను పొద్దున్నే రెండు ట్రిప్పులు జావ పోసి, రాగి అంబలి తాగి, పంపు వాషర్ మార్చాను. ఇంకేమీ పని దొరకలేదు.

రాయవలసింది ఒకటి ఉంది. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడా రాయను.

నీలవేణిది కూడా ఎడమ వైపే. నా దానికంటే కింద, కాలరు ఎముక పైన. పోయిన ఏడాదికి ముందు ఏడాది ఆశ్వయుజ పౌర్ణమినాడు నేను ఆమె మెడ చూస్తున్నాను. నలభై నాలుగో చౌకీ అతను బోర్డు మనిషి చెప్పుల్లో పీతని పెట్టిన సంగతి చెప్తూ ఆమె నవ్వుతోంది. నవ్వుతుంటే మెడ కదులుతుంది. వేలి కింద ఏదో తగిలింది. నరం అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. నవ్వు ఆగాక మళ్లీ చూడవచ్చు. చూడలేదు. కుడి, ఎడమ రెండింటి ఎదురుగా ‘ఏమీ లేదు’ అని రాసి సంతకం పెట్టాను. అమావాస్యకి మళ్లీ తగిలింది. ఈసారి కూడా అదే రాశాను, ఎందుకంటే పోయినసారి అదే రాశాను. కార్తీక పౌర్ణమికి కూడా. కార్తీక అమావాస్యకి ఆమే అంది, ఇక్కడ ఏదో ఉందేమో చూడండి అని.

మూడుసార్లు.

తీగలో చెప్పకుండా ఉండటానికి నాకు ఇంకో కారణం ఉందని ఎవరైనా అనుకోవచ్చు. చావంటే భయం లేదని అనను. కానీ నా గడ్డ మీద ఇంకొకరు వేలు పెట్టి, నిజమో కాదో తేల్చుకోలేక, ఏదో ఒకటి రాసి, తర్వాత ఆ రాత మొయ్యడం నాకు ఇష్టం లేదు. అది మోసేవాళ్లు ఎలా ఉంటారో నాకు తెలుసు.


చైత్ర బహుళ విదియ

ఇరవై రెండు. గడువు దాటింది. తీగలో చెప్పలేదు.

పన్నెండో పదమూడో తెలియడం లేదు. కాలిపర్ మొనలు ఒక్కోసారి ఒక్కో చోట పడుతున్నాయి. కొలిచే చోటు స్థిరంగా ఉండాలి. గోడకైతే గీత ఉంటుంది.

అద్దం ముందు నిలబడి, సన్న కుంచెతో, గడ్డ చుట్టూ నీలిరంగుతో గీత గీశాను. ఇప్పుడు పెరిగితే తెలుస్తుంది. ఈ ఆలోచన ముందే ఎందుకు రాలేదో.

గీత బాగా వచ్చింది. గుండ్రంగా.


చైత్ర బహుళ పంచమి

నిన్నటి నుంచి దురద. ఈ రోజు గీత మీద చర్మం ఎర్రగా లేచింది. సబ్బు పెట్టాను, కిరసనాయిలు పెట్టాను, పీచుతో రుద్దాను. గీత పోలేదు. అది పోకుండా ఉండటానికే దాన్ని తయారుచేసింది.

సాయంత్రానికి నొప్పి మొదలైంది. అట్టముక్క మీద ఉన్నది గుర్తొచ్చి సంతోషించాను. తర్వాత ఆ నొప్పి చర్మానిదా, గడ్డదా అన్న అనుమానం వచ్చింది.

పదిహేను మిల్లీమీటర్లు. గీతని తాకుతోంది.

నీలవేణి తువ్వాలు ఒకటి మెడకి చుట్టుకుని గోడ మీదికి వెళ్లాను.


చైత్ర బహుళ సప్తమి

దాని కింద ఇంకో రెండు తగిలాయి. చిన్నవి. ఒకటి కాలరు ఎముక వైపు.

గోడకి జావ పోశాను. నూట పదిహేడు దగ్గర ఆగాను. గీత లోపల గుల్లలు నల్లగా, తడిగా ఉన్నాయి. ముట్టుకోలేదు.

అన్నం వండాను గాని తినలేదు. నలభై ఒకటో చౌకీని ఎవరికి ఇస్తారా అని కాసేపు ఆలోచించాను. నా తర్వాత వచ్చేవాళ్లకి పంపు హ్యాండిల్ ఎడమకి కొంచెం వంచి తిప్పాలని ఎవరు చెప్తారు? ముందు పేజీల్లో ఒక చివర అది రాసి పెట్టాను.


చైత్ర బహుళ నవమి

పోలమ్మ ఎదురైంది. రెండు చౌకీల హద్దు దగ్గర, గోడ మీద, సుత్తి భుజాన పెట్టుకుని నిలబడి ఉంది. నేను తప్పించుకునే దారి లేదు. గోడ వెడల్పు మీటరున్నర.

“ఏటి నాయుడూ, ఇంతెండల్లో మెడకా గుడ్డేటి?”

“గొంతు బాగులేదప్పా.”

“గొంతు బాగులేనోడు గొంతుకి కట్టుకుంతాడు. నువ్వు సెవి కిందకి కట్టుకున్నావు.”

ఆమె అడగకుండానే తువ్వాలు కొస పట్టుకుని లాగింది. చాలాసేపు చూసింది. నవ్వుతుందేమో అనుకున్నాను. మొదట నవ్వలేదు.

“ఎన్నాళ్లయినాది?”

ఇరవై తొమ్మిది రోజులు అన్నాను.

“రోజూ నొక్కుతున్నావా?”

ఉదయం, సాయంత్రం కొలుస్తున్నానని చెప్పాను. మధ్యలో ఎన్నిసార్లు చెయ్యి వెళ్తుందో లెక్కపెట్టలేదని కూడా చెప్పాను.

అప్పుడు నవ్వింది. సుత్తి కింద పెట్టి, గోడ అంచున కూర్చుని నవ్వింది. “గోడకి రంగేత్తారు గానీ మడిసికేత్తారేటి నాయుడూ. నాను కొత్తగా వొచ్చినప్పుడు నాకు సెప్పినోడివి నువ్వే కాదేటి, గీత గీసీసి ముట్టుకోకు అప్పా అని. గీత అయితే గీసీసినావు. రెండో ముక్క మర్సిపోనావు.”

నాకు కోపం రాలేదు. ఆమె పక్కన కూర్చున్నాను. తర్వాత ఆమె అమావాస్యకి వచ్చి చూస్తానంది. నాకు సెలవుందని అన్నాను. సెలవు నీకు గాని దానికి కాదు అని, సుత్తి తీసుకుని వెళ్లిపోయింది.


చైత్ర అమావాస్య

వచ్చింది. వేణ్ణీళ్లు కాయమంది. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, వెనక నిలబడింది.

పదకొండు నెలలుగా నా ఒంటి మీద ఎవరి చెయ్యీ పడలేదు. చెవి వెనక మొదలుపెట్టి కిందికి వచ్చింది. వలలు అల్లిన వేళ్లు, గరుకుగా ఉన్నాయి. మెల్లగా నొక్కింది. నేను నొక్కుతున్నంత గట్టిగా కాదు. కళ్లు మూసుకున్నాను.

ఒక పెద్దది, రెండు చిన్నవి అని చెప్పింది. పెద్దది జరుగుతోంది, చిన్నవి మెత్తగా ఉన్నాయి, చర్మం మాత్రం కుళ్లిన వంకాయలా ఉంది అంది. ఆ తర్వాత కూడా నేను ఎదురుచూస్తున్నానని ఆమెకి తెలిసిపోయింది.

“అది ఏటో నాకు తెల్దు. నాను డాట్రుని కాదు. ఉంది అని రాత్తాను. పడవ చవితికి వొత్తాది కదా, నువ్వు ఎక్కి సూపించుకుంతావు.”

తనిఖీ పుస్తకం తీసుకుని, నా పేరు ఎదురుగా ఉన్న ‘సూతకం’ పక్కన, పెద్ద పెద్ద అక్షరాలతో రాసి సంతకం పెట్టింది. రాయడానికి ఆమెకి పావుగంట పట్టింది. రాశాక స్టూలు మీద తను కూర్చుని జుట్టు పైకి ఎత్తి పట్టుకుంది. ఇప్పుడు నువ్వు నన్ను చూడు అంది.

నేను కదల్లేదు. ఆమె మెడ వెనక చెమట. తెల్లవెంట్రుకలు.

నా వల్ల కాదప్పా, ఇంకెవరినైనా అడుగు అన్నాను.

“ఎవుల్ని అడగమంటావు? నలభై మూడు కాళీ. నలభై నాలుగోడి సేతికి ఏళ్లు మూడే మిగిలినాయి, ఆ మూడూ సారా కంపు.”

అప్పుడు చెప్పాను. నీలవేణి సంగతి, మూడుసార్లు రాసింది. ఇక్కడ రాసుకున్నంత కూడా చెప్పలేదు. నాలుగు ముక్కలు. పోలమ్మ జుట్టు వదిలేసి నా వైపు తిరిగింది. నీ తప్పు లేదని అంటుందని భయపడ్డాను. అనలేదు.

“అయితే తగిలినాది. తగిలినా రాయనేదు.”

“అవును.”

“ఊ.” ముడి వేసుకుంది. “ముందు నీది తేలనీ. నాను ఎక్కడికీ పోను.”

వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, చవితిదాకా మెడ మీద చెయ్యి వేశావంటే కాలిపర్ తీసుకెళ్లి సముద్రంలో పారేస్తానంది. చెప్పి ఊరుకోలేదు. గోడ మీద నుంచి మళ్లీ వెనక్కి వచ్చి కాలిపర్ తీసుకుపోయింది. గోడ కొలవాలి కదా అంటే, కావలసినప్పుడు వచ్చి అడిగి తీసుకెళ్లమంది.


వైశాఖ శుద్ధ చవితి

మందుల పడవ పొద్దున్న ఎనిమిదింటికి వచ్చింది. డాక్టరు కొత్తావిడ, కాత్యాయని. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. పడవ ఊగుతున్నా నిలబడే పని చేసుకుంటోంది.

నా మెడ చూసి, ముందుగా గీత గురించే అడిగింది. ఏ రంగు అంది. చెప్పాను. ఈ ఏడాది మీరు మూడోవారు అంది. పన్నెండో చౌకీలో ఒకాయన పొట్ట మీద గీసుకున్నాడట. ఒడ్డు మీద ఎవరూ ఇలా చెయ్యరు, గోడవాళ్లే చేస్తారు అంది. చిన్న గడ్డలు రెండూ, నొప్పి, పెద్దది ఇంకా పెరగడం ఆ మైలుతుత్తం వల్ల కావచ్చని చెప్పింది. చర్మం పుండైతే మెడలో గ్రంథులు వాస్తాయి, అది వాటి పని. రోజూ పిసుకుతుంటే ఉన్న వాపు తగ్గదు. కానీ మొదటిది రంగు వెయ్యకముందే ఉంది కాబట్టి దాని సంగతి విడిగా తెలుసుకోవాలి. సూదితో కొంచెం తీసి పరీక్షకి పంపుతాను, పన్నెండు రోజులకి తీగలో చెప్తాను అంది.

సూది గుచ్చినప్పుడు పడవ ఒక పక్కకి ఒరిగింది. ఆమె చెయ్యి కదల్లేదు.

దూది పెట్టుకుని నొక్కి పట్టుకున్నాక అడిగాను. పడవలో ఇంకెవరూ లేరు. నర్సు బయట పోలమ్మతో మాట్లాడుతోంది. నా భార్య పేరు, సంవత్సరం చెప్పాను. మూడుసార్లు ముందే చేతికి తగిలిందని, రాయలేదని చెప్పాను. రాసి ఉంటే ఏమయ్యేదని అడిగాను.

డాక్టరు సూది పక్కన పెట్టింది. నా భార్య కాగితాలు పడవలో లేవని, ఒడ్డు మీద ఉంటాయని చెప్పింది. మామూలుగా ఆ చోట గడ్డ దొరికేసరికి లోపల చాలా జరిగిపోయి ఉంటుందని కూడా చెప్పింది. తర్వాత నన్ను చూసి అంది:

“బతికేవారో లేదో నేను చెప్పలేను నాయుడుగారూ. ఒకటిన్నర నెల ముందు తెలిసేది. అంతవరకే చెప్పగలను.”

ఒకటిన్నర నెల. ఇంతకు ముందు ఎవరూ నాకు అంకె చెప్పలేదు. చాలామంది మీ తప్పేం లేదన్నారు. 

పడవ దిగి, గోడకి జావ పోశాను.


వైశాఖ శుద్ధ పంచమి

చెయ్యి మెడ వైపు వెళ్లింది పందొమ్మిదిసార్లు. పద్దెనిమిదిసార్లు మధ్యలో ఆపాను.


వైశాఖ శుద్ధ అష్టమి

నూట పదిహేడో గుర్తుకి గడువు దాటి పదకొండు రోజులయింది. నా గొడవలో పడి చూడలేదు. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి. కాలిపర్ కోసం పోలమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె ఇస్తూ, గోడకేనా అని అడిగింది. నాతో పాటు వచ్చి పక్కన నిలబడింది.

వాపు తగ్గింది. గీత లోపల వేలెడు వెడల్పున కొత్త గుల్లలు, తెల్లగా, గోరంతవి, వరసలు కట్టాయి. సుత్తితో తట్టాను. బిగువుగా మోగింది.

కాలిపర్ ఆమే మళ్లీ తీసుకుపోయింది.

చెయ్యి వెళ్లింది ఏడుసార్లు.


వైశాఖ శుద్ధ ద్వాదశి

చర్మం పొట్టు లేచి రాలుతోంది. నీలం కూడా దాంతో కొంత పోతోంది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడం మళ్లీ మొదటి భయంలోకి తీసుకువచ్చింది. నొక్కి చూసుకోవాలనిపించింది. బదులుగా పంపు మొత్తం విప్పి, తుడిచి, నూనె పెట్టి బిగించాను. హ్యాండిల్ ఇప్పుడు నేరుగా తిరుగుతోంది. ముందు పేజీల్లో దాని గురించి రాసినది కొట్టేశాను.

నీలవేణి ఉంటే ఈ పని మూడేళ్ల క్రితం చెయ్యాల్సింది అనేది.


వైశాఖ బహుళ పాడ్యమి

తీగ పదకొండింటికి మోగింది.

గోడ మీద తీగ ఒక్కటే. ముప్పై నుంచి యాభై దాకా ఏ చౌకీకి ఫోన్ వచ్చినా అన్ని చౌకీల్లోనూ మోగుతుంది, అందరూ ఎత్తుతారు. డాక్టరుకి ఆ సంగతి తెలిసినట్టు లేదు. మీరొక్కరే ఉన్నారా అని అడిగింది. గదిలో ఒక్కడినే అన్నాను. ఎవరో దగ్గారు. ఎవరి ఇంట్లోనో కుక్కర్ కూత పెట్టింది.

“సరే, చెప్తున్నాను. చెడ్డ కణాలేవీ కనిపించలేదు. ఏదో పాత వాపు. పన్ను వల్ల వచ్చి ఉండొచ్చు, ఇంకేదైనా కావచ్చు. కొందరికి అలాగే ఉండిపోతుంది. ఉండనివ్వండి. బాగా పెరిగినా, గట్టిపడినా చెప్పండి. నొక్కకండి.”

నేను సరే అన్నాను. ఇంకేమైనా అడగాలా అంది. లేదన్నాను. ఆమె పెట్టేసింది.

నేను పెట్టలేదు. తీగలో చాలామంది ఊపిరి వినిపిస్తోంది. కాసేపటికి ముప్పై ఎనిమిదో చౌకీ ముసలాయన, మంచిది బాబూ అన్నాడు. వరసగా టక్కు టక్కుమని ఫోన్లు పెట్టుకున్నారు. చివరికి ఒకటి మిగిలింది.

“ఇన్నావా,” అంది పోలమ్మ.

“విన్నానప్పా.”

“ఊ. జావ పోసినావా?”

ఇంకా లేదన్నాను.

గడ్డ తగిలిన రోజు రెండో చెంప కూడా గీసుకునే పనికి వెళ్లాను గాని, ఈ రోజు గోడ మీద సగం దూరం నడిచి, ఎందుకు వచ్చానో మరిచిపోయి, బకెట్ పక్కన పెట్టి నిలబడిపోయాను. కింద వరిచేలల్లో నీళ్లు పెడుతున్నారు. ఎవరో పాట పెట్టుకున్నారు, గాలికి అక్కడక్కడా వినిపిస్తోంది. నీలవేణికి ఈ కబురు చెప్పాలనిపించింది. అది తప్ప ఇంకేమీ అనిపించలేదు.


వైశాఖ అమావాస్య

నా సెలవు అయిపోవడానికి ఇంకా మూడు రోజులున్నాయి. బోర్డుకి నిన్ననే తీగలో చెప్పాను: నలభై ఒకటికి జతచెయ్యి నలభై రెండు, ఈ అమావాస్య నుంచి. అవతలి మనిషి, మూడు రోజులు ఆగితే ఏడాది నిండుతుంది కదా అన్నాడు. ఫరవాలేదన్నాను. తీగలో వింటున్న ఎవరూ ఏమీ అనలేదు.

ఉదయం పోలమ్మ వచ్చింది. ముందు నన్ను చూసింది. చిన్నవి రెండూ పోయాయి. పెద్దది ఉంది, తొమ్మిది. కాలిపర్ తనే తెచ్చింది. ‘ఉంది, జరుగుతోంది, ముందుకంటే చిన్నది’ అని రాసింది. ఈసారి పావుగంట పట్టలేదు.

తర్వాత ఆమె స్టూలు మీద కూర్చుంది. నేను వేణ్ణీళ్లతో చేతులు కడుక్కున్నాను. రెండోసారి కడుక్కున్నాను. తుడుచుకుని వెనక నిలబడ్డాను. ఆమె నలభై నాలుగో చౌకీ అతను నిన్న తూము దగ్గర జారిపడిన సంగతి మొదలుపెట్టింది.

“అప్పా, అయ్యేదాకా మాట్లాడకు.”

ఆగిపోయింది.

చెవుల వెనక. దవడ కింద. మెడ రెండు పక్కలా, పై నుంచి కిందికి. కాలరు ఎముకల పైన, వేళ్లు లోపలికి పెట్టి, ఆమెని ఊపిరి పీల్చి వదలమని చెప్పి. ఎడమ వైపు ఏమీ లేదు. ఏమీ లేదన్న మాట మనసులో అనుకుని, మళ్లీ మొదటి నుంచి చూశాను. నిజంగా లేదు. కుడి వైపు వచ్చాను. చెవి కింద వేలు ఆగింది.

తీసి, చేతులు దులుపుకుని, మళ్లీ పెట్టాను. ఉంది. నరం అయి ఉండొచ్చు. ఆమె పెద్దది, ఎండలో పనిచేస్తుంది, పళ్లు సగం లేవు, ఎన్ని కారణాలైనా ఉండొచ్చు. వారం తర్వాత ఉండకపోవచ్చు. ఇవన్నీ నాకు వరసగా తోచాయి, ఎంత తేలిగ్గా తోచాయో.

“ఏటి, ఆగిపోనావు?”

“ఇక్కడ ఏదో ఉంది అప్పా. చిన్నది.”

ఆమె భుజాలు కొంచెం బిగిశాయి.

“ఏటది?”

“నాకు తెలీదు.”

“నీకు తెల్దా.” ఊపిరి వదిలింది. భుజాలు దిగాయి. “సరే మరి. రాసీ. నాను ఎల్లి బియ్యం కడుక్కోవాల.”

కాలిపర్‌తో కొలిచాను. ఒక్కసారే. తర్వాత తనిఖీ పుస్తకం తీసి, నలభై రెండో చౌకీ పేజీలో రాశాను.

ఎడమ: ఏమీ లేదు. కుడి: చెవి కింద ఒకటి ఉంది. ఆరు మిల్లీమీటర్లు. మెత్తగా ఉంది, జరుగుతోంది. ఏమిటో తెలియదు. చూసినది, అసిరినాయుడు.